పొగలో పలికిన రాయి

కాల్గరీలో విమానం దిగి బయటికి రాగానే నేను మొదట చూసింది సూర్యుణ్ణి. మిట్టమధ్యాహ్నం, కళ్ళకు చేయి అడ్డం పెట్టుకోకుండా సూర్యుణ్ణి తేరిపార చూడటం నాకు అదే మొదటిసారి. కుంపట్లోంచి తీసి చల్లారబెట్టిన రాగిబిళ్ళలా ఉన్నాడు. ఒక్క కిరణం లేదు. ఆకాశమంతా బూడిదరంగు పొగ. పడమటి కొండల్లో అడవులు తగలబడుతున్నాయని, వారం పైగా ఆ పొగ ఊళ్ళ మీదే పడుకుని ఉందని చెప్పారు. ఎయిర్‌పోర్ట్ బయట మనుషులంతా మాస్కులతో, తలలు వంచుకుని, చావింటికి వచ్చినవాళ్ళలా నడుస్తున్నారు.

మాది ప్రొద్దుటూరు. నాన్న కంసాలి పని చేసేవాడు. నేను స్టూడెంట్ వీసా మీద ఒంటారియో వచ్చి, చదువయ్యాక అక్కడే కేంబ్రిడ్జ్‌లో ఒక వేర్‌హౌస్‌లో కుదురుకున్నాను. శని ఆదివారాలు మాత్రం చేతికి పట్టకారు వస్తుంది. తెలుగువాళ్ళ నగలు రిపేర్ చేస్తాను, వెండిలో చిన్న చిన్న లాకెట్లు చేస్తాను. ఈ ప్రయాణం అమ్మొలైట్ అనే రాయి కోసం. నగలకు పనికొచ్చే అమ్మొలైట్ కాల్గరీ ఉన్న ఈ ఆల్బర్టా రాష్ట్రంలోనే, అదీ కొన్ని ఏటి ఒడ్డుల్లోనే దొరుకుతుంది. ఇంకో కారణం స్వప్న.

దక్షిణానికి బస్సు

లెత్‌బ్రిడ్జ్ వెళ్ళే బస్సులో నా పక్కన డోరిస్ అనే ముసలావిడ కూర్చుంది. ఒళ్ళో కాగితం సంచి నిండా చెర్రీ పళ్ళు. అడక్కుండానే నా చేతిలో గుప్పెడు పోసింది. ఇక్కడ ఎదుటివాళ్ళ ఊరూ పేరూ అడగడం మర్యాద కాదంటారు గానీ, పొగ అందరి నోళ్ళూ విప్పినట్టుంది.

"నిన్న మా కోళ్ళు మధ్యాహ్నమే గూట్లోకి పోయి పడుకున్నాయి. కాసేపటికి గాలి తిరిగి వెలుతురొస్తే లేచి కూశాయి. ఒకే రోజులో రెండుసార్లు తెల్లారింది పాపం వాటికి" అందామె.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

కిటికీలోంచి చూస్తే రెండు వైపులా కోతకొచ్చిన గోధుమ. మనిషి లేడు, పశువు లేదు, పిట్ట లేదు. పొలాల మధ్య చమురు తోడే యంత్రాలు మాత్రం తలలూపుతూ పొగలోంచి బయటపడి మళ్ళీ పొగలోకి పోతున్నాయి.

స్వప్నది జగిత్యాల. మా బ్యాచ్ వచ్చిన ఏడాది కాలేజీ కారిడార్లలో ఇంగ్లీషు కంటే తెలుగే ఎక్కువ వినిపించేది. అద్దెకు గది దొరకడమే గగనం. మేమిద్దరం ఒకే బేస్‌మెంట్‌లో, ఒకే పరుపు మీద మొదటి చలికాలం గడిపాం. ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్‌కి పనికొస్తుందని తను లెత్‌బ్రిడ్జ్‌లో అమ్మొలైట్ సానబట్టే వర్క్‌షాప్‌లో చేరింది. నెల కిందట ఫోన్ చేసి, "హైమా, నా దగ్గరున్న రాయి పలుకుతున్నదే" అంది. తమాషా అనుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఫోన్‌లోనూ అదే మాట. గొంతు మాత్రం మారుతూ వచ్చింది. మాట మధ్యలో ఆగిపోయేది, ఏం చెబుతోందో మర్చిపోయేది. అందుకే టికెట్ కొన్నాను.

లెత్‌బ్రిడ్జ్: టేపు వేసిన కిటికీలు

బస్‌స్టాప్‌లో తనని చూసి గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. మొహం పీక్కుపోయి, కళ్ళ కింద నల్లటి చారలు.

"గట్ల చూడకే. ఈ పొగకు అందరం గిట్లనే ఉన్నం" అంటూ నా బ్యాగు లాక్కుంది.

తను ఉండేది ఒక పాత ఇంటి బేస్‌మెంట్. పైన ఉండే ఓనర్లు పొగ పడక చుట్టాల ఊరికి పోయారు. పై ఇల్లు ఖాళీ. కింద స్వప్నతోపాటు దివ్య అనే తెనాలి పిల్ల ఉంటుంది. రాత్రంతా బంగాళాదుంపలు వేయించే ఫ్యాక్టరీలో పని, పగలంతా నిద్ర. పొగ లోపలికి రాకుండా ఉన్న రెండు చిన్న కిటికీలకూ చుట్టూ వెడల్పాటి టేపు అంటించారు. తలుపు కింద తడిపిన టవల్ దోపారు. మెట్లు దిగుతుంటే చెవులు మూసుకుపోయినట్టు, నీళ్ళలోకి దిగుతున్నట్టు అనిపించింది.

స్వప్న నాకోసం సర్వపిండి కాల్చింది. మా సీమలో బియ్యప్పిండితో రొట్టెలు, చెక్కలు తెలుసు గానీ, ఇలా గిన్నెకే పిండి తట్టి, వేళ్ళతో చిల్లులు పెట్టి కాల్చడం నేను తన దగ్గరే నేర్చుకున్నాను. ఆ రోజు అది మాడిపోయింది. పొయ్యి ముందే నిలబడి ఉండి కూడా తను చూడలేదు.

దివ్య లేచి వచ్చి, తల రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. "ఈ పొగేంటో అక్కా, తల పగిలిపోతోంది. నాలుగు మాత్రలు మింగినా తగ్గట్లేదు."

అన్నిటికీ పొగే కారణం అందరికీ. తలనొప్పికి, వాంతులకి, మతిమరుపుకి.

తిన్నాక స్వప్న తలగడ పక్కనుంచి రాయి తీసింది. అరచేతిలో సగం. అడుగున నల్లటి పెళ్ళలాంటి రాయి, పైన పొరలో ఎరుపు, ఆకుపచ్చ. నేను కెంపులు చూశాను, పచ్చలు చూశాను. అవి వెలుగుని లోపలికి తీసుకుని మెరుస్తాయి. ఇది అలా కాదు. చేయి కాస్త తిప్పితే ఎరుపున్నచోట పచ్చ, పచ్చ ఉన్నచోట నిప్పు. కన్ను రెప్ప కింద కదిలినట్టు పొర కింద రంగు కదిలింది.

"అంచు పగిలిందని వర్క్‌షాప్‌ల పక్కన పడేస్తే నాకిచ్చిన్రు. పిట్టపిల్ల కూసినట్టు కూస్తది హైమా. సన్నగ. ఒక్కసారి కూసి ఆగుతది. మళ్ళ కొంచెంసేపటికి. అది మొదలుపెడితే నేనీడ ఉండలేను. బయటికి పోయి మెట్ల మీద కూసుంట."

"నువ్వు విన్నావా?" దివ్యని అడిగాను.

దివ్య తల అడ్డంగా ఊపి, స్వప్న చూడకుండా నా వైపు జాలిగా చూసింది. ఆ చూపుకి అర్థం నాకూ తెలుసు. ఈ పిల్లని వెంటబెట్టుకుని తీసుకుపోవాలి, డాక్టర్‌కి చూపించాలి అని అప్పుడే నిర్ణయించుకున్నాను.

సానబట్టే చోట

మర్నాడు వర్క్‌షాప్‌కి వెళ్ళాను. ఊరి చివర రేకుల షెడ్డు. తడి మట్టి వాసన, సానరాళ్ళ రొద. స్వప్నకి పని నేర్పింది మార్లీన్. యాభై దాటిన బ్లాక్‌ఫుట్ ఆవిడ, ఈ నేల మీద అందరికన్నా ముందునుంచీ ఉన్నవాళ్ళ మనిషి. ఆమె ఒక పెద్ద చుట్టచుట్టిన చిప్పని నా ముందు పెట్టింది.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అది సాలగ్రామం. మా పక్కింటి ఆచార్యుల వారి పూజగదిలో రాగిపళ్ళెంలో ఉండే నల్లటి రాయిలో కనిపించే చక్రమే ఇది. కాకపోతే ఇది విస్తరాకంత ఉంది, పొద్దుటి మబ్బులా రంగులు కక్కుతోంది. ఆలోచిస్తే వింతేం లేదు. రెండూ నత్తలా చుట్టచుట్టుకున్న ఒకే జాతి సముద్రపు ప్రాణి. ఎప్పుడో చచ్చి, బురదలో కూరుకుని, ఒకటి హిమాలయాల్లో గండకీ నదిలో నల్లరాయిగా తేలింది, ఇంకొకటి ఇక్కడ రంగులతో తేలింది. ఈ గోధుమ పొలాలన్నీ ఒకప్పుడు సముద్రం అడుగు.

ముత్యం మీద మెరుపు ఏ పదార్థమో, అమ్మొలైట్ అనే ఈ రంగుల పొరా అదే. చాలా పలుచన. పొర మందంగా ఉన్నచోట ఎరుపు, పలుచబడేకొద్దీ పచ్చ, మరీ పలుచనైతే నీలం. నీలం నిలవదు, ఊడిపోతుంది. అందుకే అది అరుదు. మెత్తని రాయి. ఉంగరంలో పెట్టుకుని గిన్నెలు తోమితే గీతలు పడతాయి. సెంటు పడకూడదు, పుల్లటిది తగలకూడదు, మంట చూపించకూడదు. అందుకని అడుగున నల్లరాయి, పైన స్ఫటికపు మూత పెట్టి, మూడు పొరలు అతికించి అమ్ముతారు. లాకెట్‌కి, కమ్మలకి పర్వాలేదు. వెండి గూడు ముందే చేసుకుని, టంకం పనంతా ముగించి, చల్లారాక ఆఖరున పొదగాలి. నాన్న ముత్యాలకి చేసినట్టే.

గోరంత ముక్క నలభై డాలర్లు. అన్ని రంగులూ ఉన్నదైతే వందల్లో. సాలగ్రామానికి వెల కట్టకూడదని, వెల అడిగినవాడికీ పాపమేనని ఆచార్యుల వారు అనేవారు. ఆ మాట చెబితే మార్లీన్ తల ఊపింది.

"మా వాళ్ళ దగ్గరున్నవీ అమ్మేవి కావు. ఇనిస్కిమ్ అంటాం. దున్నరాయి అనుకో. పూర్వం ఒక చలికాలం, అడవిదున్నలు కనిపించక జనం ఆకలితో పోతున్నప్పుడు, కట్టెలకోసం వెళ్ళిన ఒకామెకి పాట వినిపించింది. వెతికితే రాయి. దున్నల్ని పిలిచే పాట అది ఆమెకి నేర్పింది. మిగతాది నేను నీకు చెప్పేది కాదు."

స్వప్న మెల్లగా అంది, "నాదీ పలుకుతుంది మార్లీన్."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. మార్లీన్ మాత్రం సానరాయి ఆపింది.

"ఇక్కడ గదినిండా ఉన్నాయి ఇవి. ఇక్కడ ఎప్పుడైనా విన్నావా?"

"లేదు. ఇంట్లోనే."

"ఆ కథలో మనుషులు చచ్చిపోతున్నారు కాబట్టి రాయి పిలిచింది. నిన్ను పిలిస్తే, దేనికి పిలుస్తోందో నేనైతే కనుక్కుంటాను."

అంతే. మళ్ళీ సానరాయి తిప్పింది. మంచి మాటే, కానీ ఉన్న భ్రమకి ఈమె ఇంకొంచెం ఆజ్యం పోస్తోందని లోపల విసుక్కున్నాను.

సెయింట్ మేరీ ఏటి ఒడ్డు

తర్వాతి రోజు సెలవు. మార్లీన్ తన ట్రక్కులో మమ్మల్ని ఏటి దగ్గర దించి, పని చూసుకుని వస్తానని వెళ్ళింది. నల్లటి ఒడ్డు నిలువుగా కోసినట్టుంది. నీళ్ళు రాగిరంగులో, కదలనట్టే కదులుతున్నాయి. ఎదుటి గట్టు పొగలో కనిపించడం లేదు. మా మాటలు కూడా ముందుకు పోకుండా మా కాళ్ళ దగ్గరే పడిపోతున్నట్టు అనిపించింది.

ఒకచోట బురదలో కాలు పెట్టాను. ఈ ప్రాంతపు బంకమన్ను ఎలాంటిదో అప్పుడు తెలిసింది. కాలు వచ్చింది, బూటు రాలేదు. స్వప్న మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో లాగితే బూటు ఊడివచ్చి, తను వెల్లకిలా పడింది. ఒళ్ళంతా బురద. లేచి, పడీ పడీ నవ్వింది. నేను వచ్చిన దగ్గరనుంచీ తను నవ్వడం అదే మొదలు.

"తలనొప్పి పోయిందే" అంది ఆశ్చర్యంగా. "పొద్దున లేవంగనే ఉండె. ఇప్పుడు లేదు."

రాయి తన జేబులోనే ఉంది. పలకలేదు. ఏటిగాలికి మనసు కుదుటపడింది అనుకున్నాను. నా తల కూడా తేలికగానే ఉంది, కానీ దాన్ని నేను పట్టించుకోలేదు.

బేస్‌మెంట్‌లో మధ్యాహ్నం

ఇంటికొచ్చేసరికి దివ్య పరదా వెనక పడుకుని ఉంది. స్వప్న రాయిని తలగడ పక్కన పెట్టి, బురద వదిలించుకోవడానికి స్నానానికి వెళ్ళింది. వేడినీళ్ళు చాలాసేపు పారాయి. గోడ అవతల ఉన్న చిన్న గదిలో నీళ్ళు కాచే హీటర్ గుర్రుమంటోంది. నేను సోఫాలో వాలాను. తలనొప్పి మెడ వెనకనుంచి పాకుతూ వచ్చింది. కాళ్ళ మీద ఎవరో కూర్చున్నంత బరువు. టేపు వేసిన కిటికీలోంచి ఎర్రటి వెలుగు పడుతోంది. ఆ వెలుగు అందని చోట ఉన్న రాయి మీద ఎరుపు కదిలింది. ఊపిరి పీల్చినట్టు పైకి, కిందికి.

అప్పుడు విన్నాను. సన్నగా, స్పష్టంగా. ఒక్క కూత.

కలేమో అనుకున్నాను. కళ్ళు మూశాను. హాయిగా నిద్ర ముంచుకొస్తోంది. అంత హాయి నేనెప్పుడూ ఎరగను. మళ్ళీ కూత. ఈసారి చెవిలోనే కూసినట్టు. మళ్ళీ. నిద్రపోనివ్వదేం అని కోపం వచ్చింది. ఆ కోపంతోనే లేచాను. గోడ పట్టుకుని మెట్లెక్కి, తలుపు తోసి బయటపడ్డాను.

పొగ. అడవులు కాలిన కంపు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మెట్ల మీద కూలబడ్డాను. కొద్దిసేపటికి తల తేలికపడింది, చూపు నిలిచింది. బయట ఇంత పొగలో బాగుండి, మూసుకున్న ఇంట్లో చచ్చిపోయేలా ఉండటమేమిటి? మమ్మల్ని పాడుచేస్తోంది ఈ పొగ కాదు. ఇంట్లో ఇంకేదో ఉంది.

"స్వప్నా!"

జవాబు లేదు. నీళ్ళ చప్పుడు మాత్రం వస్తోంది.

తలుపు బార్లా తెరిచి, ఊపిరి బిగబట్టి దిగాను. బాత్రూమ్ తలుపు గడియ పాతది, భుజంతో తోస్తే ఊడింది. స్వప్న బట్టలు వేసుకుంది గానీ కుళాయి కట్టలేదు. గోడకి ఆనుకుని జారి కూర్చుంది, కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. చెంప మీద కొట్టాను.

"కూస్తున్నదా?" అంది.

"కూస్తోంది. లే. బయటికి పోవాలి."

ఆ మాటకి లేచింది. తనని పైకి తోసి, 911కి ఫోన్ చేయమని అరిచి, దివ్య కోసం పరదా లాగాను. చెంపలు గులాబీరంగులో మెరుస్తున్నాయి. ఎంతో ఆరోగ్యంగా కనిపించింది. ఎంత కుదిపినా లేవలేదు. దుప్పటితో సహా నేల మీదికి లాగి, మెట్ల దాకా ఈడ్చాను. పైనుంచి స్వప్న తూలుతూనే దిగి రెండో కొస పట్టుకుంది. మెట్టు మెట్టుకీ దివ్య మడమలు కొట్టుకున్న చప్పుడు నాకు ఇంకా చెవుల్లో ఉంది. గడ్డి మీద ముగ్గురం పడిపోయాం.

ఖాళీ డబ్బా

వచ్చిన ఫైర్‌మన్ మీటర్ పట్టుకుని సగం మెట్లు దిగి, వెంటనే వెనక్కి వచ్చి మాస్క్ పెట్టుకున్నాడు. కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. గ్యాస్‌తో మండే వేడినీళ్ళ హీటర్ పొగగొట్టం మూసుకుపోయింది. మామూలప్పుడు కిటికీల సందుల్లోంచి కొంత పోయేది. పొగ రాకూడదని కిటికీలకు టేపు వేశాక పోవడానికి దారే లేదు.

"ఇంకాస్త ఆలస్యమైతే..." అని, ఆపేశాడు. "మీరెలా లేచారు? ఈ గ్యాస్‌ని పసిగట్టే అలారం మోగిందా?"

"పిట్ట కూసినట్టు వినిపించింది" అన్నాను. రాయి సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

"అయితే అలారమే. బ్యాటరీ అయిపోయేటప్పుడు అలాగే కూస్తుంది" అని సంతోషంగా లోపలికి వెళ్ళాడు. వెతికి, హీటర్ గది అలమరలో గుడ్డల కిందనుంచి పాత అలారం డబ్బా తెచ్చాడు. మా ముందే వెనక మూత తెరిచాడు.

లోపల బ్యాటరీ లేదు. అది ఉండాల్సిన చోట తుప్పు పట్టి, సాలెగూడు.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంతలో పైకప్పు ఎక్కిన ఇంకో మనిషి కేకేశాడు. పొగగొట్టానికి అడ్డం పడింది పక్షిగూడట. "అదీ సంగతి! పిట్టపిల్లలు" అన్నాడు ఇతను. కాసేపటికి ఆ గూడు కిందికి వచ్చింది. ఎండిపోయి, పొడిపొడిగా రాలుతోంది. ఏళ్ళ కిందటిది. ఒక్క ఈక కూడా లేదు.

అతను అలారం డబ్బా మూత మూసి, గూడు పక్కన పెట్టాడు.

ఆసుపత్రి, మళ్ళీ ఏరు

స్వప్నకీ నాకూ ఆక్సిజన్ పెట్టి మర్నాడు పంపించారు. దివ్యకి మెలకువ రావడానికి ఇంకో రోజు పట్టింది. కళ్ళు తెరిచి, "అక్కా, షిఫ్ట్ టైమ్ అయిందా?" అంది. నర్సు పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆ వారమంతా జరిగిందేదీ దివ్యకి గుర్తు లేదు, నన్ను చూసిన సంగతి కూడా. "మీరు స్వప్నక్క వాళ్ళ చుట్టాలా?" అని మళ్ళీ కొత్తగా పరిచయం చేసుకుంది.

మార్లీన్ ఒక డబ్బాలో చికెన్ సూప్, పెనం మీద కాల్చిన మందపాటి రొట్టెలు తెచ్చింది. జరిగింది విని ఆశ్చర్యపడలేదు. "దానికి థాంక్స్ చెప్పావా?" అని మాత్రం స్వప్నని అడిగింది.

ఊరు వదిలేముందు మళ్ళీ ఏటికి వెళ్ళాం. స్వప్న రాయిని నల్లటి ఒడ్డు దగ్గర, నీళ్ళు తగిలేచోట పెట్టింది. మార్లీన్ తన వాళ్ళ మొక్కుగా చిటికెడు పొగాకు పెట్టి తన భాషలో ఏదో అనుకుంది. ఏం చేయాలో తెలియక స్వప్న సంచి వెతికి, కాఫీ కొట్టులో ఇచ్చిన చక్కెర పొట్లం చించి రాయి ముందు పోసింది. నైవేద్యం. ఎవరం నవ్వలేదు.

గట్టు ఎక్కుతుంటే స్వప్న ఆగింది. "విన్నవా?"

నేను వినలేదు. మార్లీన్ మాత్రం వెనక్కి తిరిగి చూడకుండా నడక వేగం పెంచింది. మేమూ పెంచాం.

మిల్టన్

ఒంటారియో తిరిగొచ్చాక, కొన్న రాళ్ళలో ఒకదానికి వెండి గూడు చేసి, మిల్టన్‌లో ఉండే ఇందిర గారికి ఇవ్వడానికి వెళ్ళాను. హైదరాబాద్ నుంచి అమెరికా మీదుగా వచ్చిన ఐటీ ఆవిడ. కొత్త టౌన్‌హౌస్, వంటింట్లో పోపు వాసన. లాకెట్‌ని వెలుతురులో తిప్పి చూసి మురిసిపోయి, "ఏ రాశికి మంచిదమ్మా ఇది?" అని అడిగారు.

నాకు తెలియదన్నాను. తెలిసింది చెప్పాను. మొదటినుంచీ, వదలకుండా. ఆవిడ కూతురు సోఫాలోంచి, "వెయిట్, సో హూ వాజ్ చర్పింగ్?" అంది. ఇందిర గారు లాకెట్ బల్ల మీద పెట్టేశారు.

"మా కింద బేస్‌మెంట్‌లో ముగ్గురు పిల్లలు అద్దెకుంటున్నారు" అన్నారు. "కాలేజీ పిల్లలు. పొద్దున్నుంచి తలనొప్పిగా ఉందని ఒకమ్మాయి పడుకునే ఉంది."

గబగబా మెట్లు దిగి వెళ్ళారు. కుర్చీ జరిపిన చప్పుడు. గోడ మీది అలారం పనిచేస్తోందో లేదో చూసే మీట నొక్కడానికి ఎక్కారని అర్థమైంది. పైన ఆవిడ కూతురూ నేనూ చెవులు రిక్కించి కూర్చున్నాం.

ఏ శబ్దమూ రాలేదు.

"ఏమైంది ఆంటీ?" అని కిందనుంచి ఒక నిద్రగొంతు.

"లేవండమ్మా" అన్నారు ఇందిర గారు. "అందరూ లేవండి. ముందు బయటికి పదండి."